బండివాడి భార్య పుట్టింటికెళ్ళింది

ఆ ఎండాకాలం మా ఇంట్లో నీళ్ళకి కరువు రాలేదు గానీ మాటలకి వచ్చింది. మా అత్తయ్యగారు మామయ్యగారితో మాట్లాడడం మానేశారు. ఇంట్లో ఉన్నదే నలుగురం. అందులో ఇద్దరు మాట్లాడుకోకపోతే మిగిలిన ఇద్దరిలో ఒకరు తపాలా బంట్రోతు అవ్వక తప్పదు. మా ఆయన "మా అమ్మానాన్నల మధ్యలోకి నన్ను లాగకు" అని ముందే చేతులు దులిపేసుకున్నాడు. అమ్మానాన్నలు ఎవరికని అడిగితే పేపరు అడ్డం పెట్టుకున్నాడు. కాబట్టి ఆ ఉద్యోగం నాకే దక్కింది. పగలంతా కళ్ళజోళ్ళ షాపులో "ఈ అక్షరం కనపడుతోందా? పోనీ ఇదీ?" అని అడిగి అడిగి నోరు నొప్పెట్టి ఇంటికొస్తే, గుమ్మంలోనే రెండో డ్యూటీ మొదలయ్యేది.

"అమ్మాయ్, మీ మామయ్యగారిని స్నానానికి లెమ్మను. నీళ్ళు చల్లారిపోతున్నాయి."

మామయ్యగారు ఆవిడకి మూరెడు దూరంలోనే కూర్చుని ఉంటారు. నేను చెప్పేదాకా కదలరు.

"లేస్తున్నానని చెప్పమ్మా."

"నాకు చెవులున్నాయి" అని అత్తయ్యగారు గోడతో అనేవారు.

దీనంతటికీ కారణం ఒక కూర. మామయ్యగారు ముప్పై ఏళ్ళ పైచిలుకు సిటీ బస్సు నడిపి ఆ వేసవి మొదట్లోనే రిటైరయ్యారు. డిపోవాళ్ళు ఆయనకొక షీల్డు ఇచ్చారు. 'ఒక్కరోజైనా ఆలస్యం కాని డ్రైవరు' అని దాని మీద ఇత్తడి రేకులో చెక్కించారు. ఆయన దాన్ని టీవీ పక్కన పెట్టి, వచ్చినవాళ్ళకి బాగా కనపడాలని రోజూ అటు కాస్త, ఇటు కాస్త జరుపుతూ ఉండేవారు. అంతవరకూ ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ షీల్డు ఎంతసేపని జరుపుతారు? కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, ఆయన ఇంటిని డిపో చేయడం మొదలుపెట్టారు. టీ లేటయితే గడియారం వంక చూసి నిట్టూర్చడం, బట్టలు ఆరేసే తీగ మీద ఎవరి బట్టలెక్కడో హద్దులు గీయడం. ఒకరోజు అత్తయ్యగారు చెల్లెలింటికి వెళ్ళి వచ్చేసరికి వంటింట్లో డబ్బాలన్నీ 'రూటు ప్రకారం' సర్ది పెట్టేశారు. ఉప్పు దగ్గర బయలుదేరి, కారం, మిరియాల మీదుగా పంచదార వరకు.

అత్తయ్యగారు కళ్ళతో వండే మనిషి కాదు. చెయ్యి దాని అలవాటున అది వెళ్ళి, కావలసింది తీసి, గిన్నెలో వేసి వస్తుంది. ఆ పూట కూడా అలాగే వెళ్ళింది. ఉప్పుండే చోట పంచదార ఉంది.

మామయ్యగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "కూర తియ్యగా ఉందేంటి?" అన్నారు.

"మీ రూటు మారిందిగా" అన్నారు అత్తయ్యగారు.

మా ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. అక్కడితో అందరం నవ్వేసి ఊరుకుంటే సరిపోయేది. కానీ రిటైరైన మనిషికి ఉక్రోషం ముక్కు మీదే ఉంటుంది. "ముప్పై ఏళ్ళుగా ఇంట్లోనే కూర్చున్నావు కదా, డబ్బాలకో పద్ధతైనా పెట్టుకోలేకపోయావా? అసలు ఇన్నేళ్ళూ ఏం చేశావు నువ్వు?" అనేశారు.

ఆ మాట జారుతున్నప్పుడు నేను ఆయన మొహమే చూస్తున్నాను. జారాక బ్రేకు కోసం వెతుక్కోవడమూ చూశాను. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం కదా. అత్తయ్యగారు పొయ్యి కట్టేశారు. గరిటె సింకులో పెట్టారు. "సరే" అన్నారు. ఆ 'సరే' తర్వాత మామయ్యగారికి ఆవిడ నుంచి ఒక్క మాట దక్కలేదు.

ఇంట్లో ఉండలేక ఆయన ఉద్యోగం వెతుక్కున్నారు. మా ఊరి బయట 'పాత ఊరు' అని ఒక మ్యూజియం కట్టారు. అద్దాల పెట్టెలూ, ముట్టుకోవద్దన్న బోర్డులూ ఉండే రకం కాదది. నూరేళ్ళ కిందటి ఊరిని ఉన్నదున్నట్టు కట్టి, అందులో మనుషుల్ని పెట్టారు. కమ్మరి నిజంగానే ఇనుము కాలుస్తాడు, కుమ్మరి నిజంగానే సారె తిప్పుతాడు. వాళ్ళు జీతాలు తీసుకునే ఈ కాలం మనుషులే గానీ, గేటు దాటి లోపల అడుగుపెట్టాక నూరేళ్ళ కిందటి మనుషులైపోవాలి. ఫోను తెలియదు, కరెంటు తెలియదు, ఎవరు అడిగినా తడబడకూడదు. తడబడ్డవాళ్ళని ఇంటికి పంపడానికి అక్కడొక సూపర్‌వైజరు ఉంది. చరిత్ర చదువుకున్న పిల్ల. ప్రతిదానికీ "కాలం దాటొద్దు, కాలం దాటొద్దు" అంటుందని పనివాళ్ళు ఆమెకి కాలం మేడం అని పేరు పెట్టారు. అది వానాకాలం రాగానే మూసేసే ఊరు. మట్టిగోడలు తడిస్తే నిలవవు కదా.

"గుర్రపు బండి నడపాలట" అని మామయ్యగారు భోజనాల దగ్గర నాతో చెప్పారు, అత్తయ్యగారికి వినపడేలా. "బస్సు నడిపినవాడికి బండి ఒక లెక్కా?"

రోజూ సాయంత్రం వచ్చి గుర్రం కబుర్లు చెప్పేవారు. గుర్రం తన మాట ఎలా వింటుందో, కళ్ళెం ఇలా అంటే ఎలా ఆగుతుందో.

"అదైనా వింటోంది" అని అత్తయ్యగారు గోడతో అన్నారు.

నాకొక ఆలోచన వచ్చింది. అందరం ఒక ఆదివారం వెళ్ళి ఆయన బండెక్కితే? ఎంత కోపమున్నా, బండి నడిపే మనిషితో ఏదో ఒకటి అనకుండా ఉంటారా? కనీసం "మెల్లిగా" అనైనా అంటారు. అత్తయ్యగారు మొదట రానన్నారు. తర్వాత "గుర్రాన్ని చూడ్డానికి వస్తాను" అన్నారు. ఎవరికీ చెప్పకుండా వెళ్ళాం. ఎవరికీ అంటే మామయ్యగారికే.

తీరా వెళ్ళి చూస్తే బండి మీద ఎవరో కుర్రాడు కూర్చుని ఉన్నాడు. మామయ్యగారు ఎక్కడా కనపడలేదు. మా ఆయన కొలిమి దగ్గరికి వెళ్ళి, "ఇక్కడ బండి నడిపే పెద్దాయన ఉండాలి కదా" అని అడిగాడు.

కమ్మరి సుత్తి ఆపి చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "ఆయనా బాబూ? మొదటి వారంలోనే బండిని వెనక్కి నడపబోయాడు. గుర్రంతో 'రా, రా, రా, రైట్ రైట్' అన్నాడు. దానికేం తెలుసు? బండిని తీసుకెళ్ళి కుండల కొట్టులో పెట్టింది. ఆ రోజు ఊళ్ళో ఒక్క కుండ మిగల్లేదు."

"మరి ఇప్పుడో?" అన్నాను నేను.

"తీసెయ్యాలనే చూశారమ్మా. పెద్దాయన బతిమాలుకున్నాడు. బండివాడి ఇంట్లో ఇల్లాలి వేషం వేసే అమ్మాయి కానుపుకెళ్ళింది. ఖాళీగా ఉన్నది ఆ పోస్టొక్కటే." సుత్తి ఎత్తి, గొంతు పెంచి, "అదిగో, ఆ పెంకుటింట్లో చూడండి బాబూ!" అన్నాడు.

మా అత్తయ్యగారు అప్పటికే ఆ ఇంటివైపు నడుస్తున్నారు.

తల వంచుకుని వెళ్ళాల్సిన గుమ్మం. పక్కనే చిన్న బోర్డు. 'బండివాడి ఇల్లు. ఇల్లాలి పనులు: వంట, శుభ్రత.' లోపల పొగ. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి గోడ వారగా ఒక బల్ల. పొగలో, కట్టెల పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, తలపాగా జారిపోతుండగా, కళ్ళు చింతనిప్పుల్లా చేసుకుని ఊదుగొట్టం ఊదుతున్నారు మా మామయ్యగారు. జన్మలో గ్యాసు పొయ్యి కూడా వెలిగించి ఎరగని మనిషి. నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. ఏది ముందో చెప్పలేను.

బల్ల మీద కూర్చున్న ఒకావిడ అడుగుతోంది. "మరి మీ ఆవిడేదీ?"

"పుట్టింటికెళ్ళిందమ్మా."

"ఎప్పుడొస్తుంది?"

ఆయన తలెత్తారు. గుమ్మంలో మమ్మల్ని చూశారు. ఊదుగొట్టం చేతిలోనే ఆగిపోయింది. ఒక్క క్షణం తడబడి, "తెలీదమ్మా. కోపం తగ్గాక" అన్నారు.

"నాన్నా!" అన్నాడు మా ఆయన.

మామయ్యగారు మా వెనక, వాకిట్లోకి చూశారు. అక్కడ కాలం మేడం నిలబడి ఉంది. "ఎవరు బాబూ నువ్వు? ఏ ఊరు మీది?" అన్నారు మామయ్యగారు.

"నాన్నా, నేను..."

"ఎండన పడి వచ్చినట్టున్నావు. కుండలో నీళ్ళున్నాయి, తాగు బాబూ."

మా ఆయన అయోమయంగా వెళ్ళి నీళ్ళు తాగాడు. అత్తయ్యగారు బల్ల మీద కూర్చున్నారు. కొంగుతో పొగ విసురుకుంటూ పొయ్యి వంక చూశారు, ఆయన వంక చూశారు, మళ్ళీ పొయ్యి వంక చూశారు.

"ఏమయ్యా" అన్నారు అత్తయ్యగారు.

ఆవిడ ఆయన్ని 'ఏవండీ' అనకుండా పిలవడం నేనెప్పుడూ వినలేదు. మా ఆయనకి నీళ్ళు పొలమారాయి.

"ఏమయ్యా, తడి కట్టెలు కుక్కేసి ఎంతసేపు ఊదితే మాత్రం ఏం లాభం? పొగ తప్ప ఏం వస్తుంది? పెద్దవి తీసెయ్. అడుగున సన్న పుల్లలు పెట్టు. గాలి ఆడనివ్వు."

"అలాగేనమ్మా" అన్నారు మామయ్యగారు.

ఆయన పుల్లలు పెట్టారు. మంట లేచింది. బల్ల మీదున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. అత్తయ్యగారు మాత్రం "ఇప్పుడు గిన్నె పెట్టు. అడుగంటకుండా చూసుకో" అని ఇంకో నాలుగు పనులు పురమాయించారు. ఆయన అన్నిటికీ "అలాగేనమ్మా" అన్నారు.

బయటికి రాగానే నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "అత్తయ్యా! మాట్లాడారు!"

"ఎవరితో?"

"మామయ్యగారితో!"

"నేను మాట్లాడింది బండివాడితో" అన్నారు ఆవిడ. "మీ మామయ్యగారెక్కడున్నారక్కడ? ఆయన పొయ్యి ఊదగా మనమెవరైనా చూశామా?"

ఆ సాయంత్రం మామయ్యగారు ఇంటికొచ్చారు. గుర్రం కబుర్లు లేవు. మెల్లిగా వచ్చి కూర్చున్నారు. అత్తయ్యగారు ఆయన్ని ఎగాదిగా చూశారు. నేను ఆశగా నిలబడ్డాను.

"అమ్మాయ్, మీ మామయ్యగారి చెవి దగ్గర మసి ఉంది. తుడుచుకోమను."

తర్వాత కొన్ని వారాలు అత్తయ్యగారు చెల్లెలింటికని తరచూ వెళ్ళేవారు. ఒకరోజు ఆ చెల్లెలే షాపుకి ఫోను చేసి, "మా అక్క కనపడి నెల కావస్తోంది, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగారు. నాకు వెంటనే వెలిగింది. షాపులో తలనొప్పని చెప్పి బస్సెక్కాను.

పాత ఊరి గేటు దగ్గర మనిషి నన్ను చూసి, "బండివాడి ఇంటికేనా? మీ అత్తగారు పొద్దున్నే వచ్చారు. ఆవిడ లేకపోతే అక్కడ జనం నిలవడం లేదు" అన్నాడు.

నిజమే. ఇల్లు కిక్కిరిసి ఉంది. అత్తయ్యగారు బల్ల చివర తన చోటులో కూర్చుని ఉన్నారు. మామయ్యగారు తిరగలి ముందు కూర్చుని పిండి విసురుతున్నారు. అరచేతులకి గుడ్డపీలికలు చుట్టుకుని ఉన్నారు. స్టీరింగుకి కాసిన కాయలు తిరగలి దగ్గర పనికిరాలేదు కాబోలు. నేను గుమ్మం పక్కన నక్కి నిలబడ్డాను.

"మీ ఆయనేం చేస్తాడమ్మా?" అని అడిగారు మామయ్యగారు, తిరగలి తిప్పుతూ.

"బస్సు నడిపేవాడు."

తిరగలి ఆగింది. వాకిట్లో కాలం మేడం గొంతు సవరించుకుంది. మామయ్యగారి మొహంలో ముప్పై ఏళ్ళ బస్సు ఒకవైపు, ఉద్యోగం ఒకవైపు పడి పీక్కుంటున్నాయి.

"బస్సంటే ఏంటమ్మా?" అన్నారు.

జనం గొల్లుమన్నారు. అత్తయ్యగారు నవ్వలేదు. చిన్నపిల్లలకి పాఠం చెప్పినట్టు చెప్పారు. "పెద్ద డబ్బా. ముందు ఒక అద్దం ఉంటుంది. నడిపేవాడికి అందులోంచి దారి కనపడుతుంది. దారి తప్ప ఇంకేం కనపడదు. వెనక ఎవరు కూర్చున్నారో, ఎవరు పొద్దున్నుంచీ నిలబడే ఉన్నారో వాడికి పట్టదు."

"వెనక్కి చూడ్డానికి కూడా అద్దం ఉంటుంది కదమ్మా!" అనేశారు మామయ్యగారు.

కాలం మేడం గుమ్మంలోకి వచ్చింది.

"అంటే... ఉంటే బాగుంటుందని" అని సర్దుకున్నారాయన.

"ఉంటుంది" అన్నారు అత్తయ్యగారు. "తలెత్తి చూస్తే కదా."

తిరగలి మళ్ళీ తిరిగింది. తర్వాత మామయ్యగారు పిండి వైపే చూస్తూ, "పాపం, అలిసిపోయి వచ్చేవాడేమో" అన్నారు.

"అలిసిపోయే వచ్చేవాడు. నేను కాదన్నానా? నేనూ అలిసిపోయానని ఆయనకెవరు చెప్పాలి?"

"ఎవరూ చెప్పినట్టు లేదమ్మా."

"చెప్తే గానీ తెలీని వయసా?"

ఆయన ఇంకో గుప్పెడు గింజలు తిరగలిలో పోశారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కనున్నావిడ చూస్తే పొగ అన్నాను. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

నేను వచ్చినట్టు ఇద్దరికీ చెప్పలేదు. అక్కడ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మాట్లాడుకున్న మనుషులు ఇంటికొచ్చి మళ్ళీ నన్ను పిలిచేవారు. "అమ్మాయ్, మీ అత్తయ్యగారిని అడుగు, కళ్ళజోడు ఎక్కడుందో." "అమ్మాయ్, ఆయన నెత్తి మీదే ఉందని చెప్పు." నాకు ఒళ్ళు మండేది. రోజంతా కడుపులో మాటలన్నీ బండివాడికి పోసి వచ్చి ఇంట్లో మౌనవ్రతమా?

ఇంతలో మబ్బులు పట్టడం మొదలైంది. వచ్చే ఆదివారంతో పాత ఊరు మూసేస్తున్నారని మామయ్యగారు నాతో చెప్పారు. అత్తయ్యగారికి వినపడేలానే చెప్పారు. గోడ దగ్గర్నుంచి ఏ జవాబూ రాలేదు. నాకు గుబులు పట్టుకుంది. ఈ ఇద్దరికీ మాట్లాడుకోవడానికి లోకంలో ఉన్నది ఆ ఒక్క పెంకుటిల్లు. దానికి తాళం పడితే ఇక అంతే. ఇద్దరూ పంతం మనుషులు. ఇలాగే ముసలివాళ్ళయిపోతారు, నేనూ తపాలా మోస్తూ ముసలిదాన్నయిపోతాను.

అందుకని సమ్మె చేశాను. "ఇవాళ్టి నుంచి నేనెవరికీ ఏమీ చెప్పను" అని ప్రకటించి భోజనానికి కూర్చున్నాను. మంచినీళ్ళ జగ్గు అత్తయ్యగారి పక్కన ఉంది. మామయ్యగారికి ఎక్కిళ్ళు మొదలయ్యాయి. నా వంక చూశారు. నేను కూర వంక చూశాను. మా ఆయన వంక చూశారు. మా ఆయన కంచంలో తలపెట్టాడు. ఆయన ఎక్కిళ్ళతోనే అన్నం తిన్నారు గానీ నీళ్ళడగలేదు. చాలాసేపయ్యాక అత్తయ్యగారు ఎటో చూస్తూ మోచేత్తో జగ్గుని ఆయన వైపు కాస్త నెట్టారు. మాట మాత్రం లేదు. నా సమ్మె అక్కడితో నీరుగారింది. మర్నాడు పొద్దున్నే డ్యూటీలో చేరిపోయాను.

ఆఖరి ఆదివారం అందరం వెళ్ళాం. మూసేస్తున్నారని తెలిసి ఊరంతా అక్కడే ఉంది. బండివాడి ఇంట్లో ఇసుక వేస్తే రాలనంత జనం. అయినా బల్ల చివర అత్తయ్యగారి చోటులో ఎవరూ కూర్చోలేదు. కాలం మేడం ఒక గుంపుని వెంటపెట్టుకుని వచ్చి, చేతిలో కర్రతో బోర్డు చూపిస్తోంది. "ఇది బండివాడి ఇల్లు. ఆ రోజుల్లో ఇల్లాలి పనులు వంట, శుభ్రత. ఏవైనా సందేహాలుంటే అడగొచ్చు."

అత్తయ్యగారు చెయ్యెత్తారు.

"ఏమయ్యా" అన్నారు. "మీ ఆవిడ ఇన్నేళ్ళూ ఇంట్లో కూర్చుని ఏం చేసింది?"

మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అక్కడున్న మిగతా జనానికి అదొక మామూలు ప్రశ్న. మామయ్యగారు గిన్నె తోముతున్నారు. చేతులకంతా బూడిద. గిన్నె పక్కన పెట్టి, చేతులు తుడుచుకోకుండానే మొదలుపెట్టారు.

"చీకటుండగానే లేస్తుందమ్మా. పొయ్యిలో బూడిద తీసి, కట్టెలు పేర్చి, రాజేస్తుంది. నాకది నేర్చుకోవడానికి నెల పట్టింది. బావిలో నీళ్ళు తోడుతుంది. పిండి విసురుతుంది. బట్టలు బాదుతుంది." ఇదంతా రోజూ చెప్పేదే. కాలం మేడం తలూపుతోంది. "ఇవన్నీ అందరికీ కనపడతాయి. కనపడనివి ఉన్నాయి. తెల్లారకముందే మొదటి ట్రిప్పుకి వెళ్ళేవాడికి క్యారేజీ కడుతుంది."

"ట్రిప్పా?" అంది కాలం మేడం.

మామయ్యగారు ఆగలేదు. "యూనిఫారానికి ఇస్త్రీ చేస్తుంది. గుండీ ఊడితే వాడు చూసుకునేలోపే కుట్టేస్తుంది. వాడికి జ్వరమొస్తే డిపోకి ఫోను చేస్తుంది. ఆఖరి బస్సు డిపోలో పెట్టి వాడెప్పుడొస్తాడో తెలీకపోయినా కూర వేడిగా పెడుతుంది. వాడొచ్చి, చల్లారింది అంటాడు. మళ్ళీ వేడి చేస్తుంది. బిడ్డకి పరీక్షలైనా, తనకి నడుం పట్టేసినా వాడి క్యారేజీ మాత్రం ఆగలేదు. ముప్పై ఏళ్ళలో వాడు ఒక్కరోజైనా డ్యూటీకి ఆలస్యం కాలేదమ్మా. షీల్డు కూడా ఇచ్చారు. అది తన గొప్పే అనుకున్నాడు వాడు."

ఎవరూ నవ్వలేదు. ఆయన బూడిద చేతులు ఒళ్ళో పెట్టుకుని అత్తయ్యగారినే చూస్తున్నారు. ఒక పిల్ల వాళ్ళమ్మని "అప్పుడు ఫోనుందా?" అని అడిగింది. అందరూ కాలం మేడం వైపు తిరిగారు. ఆమె మామయ్యగారి వంకా, అత్తయ్యగారి వంకా మార్చి మార్చి చూసింది. తర్వాత కర్ర చంకలో పెట్టుకుని, "పదండి పదండి, ఇప్పుడు కమ్మరి కొలిమి చూద్దాం" అని అందర్నీ బయటికి తోలుకెళ్ళిపోయింది.

అత్తయ్యగారు లేచారు. కొంగు దులుపుకున్నారు. నేను ఎదురుచూస్తున్నాను.

"చివరి రోజు కదా" అన్నారు ఆయనతో. "పొయ్యి సరిగ్గా ఆర్పి వెళ్ళు. నిప్పు మిగిలిపోతే ప్రమాదం."

"అలాగేనమ్మా."

అంతే. వెళ్ళిపోయారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నారు. ఆ సాయంత్రం మామయ్యగారు ఇంటికొస్తే నన్ను పిలిచి ఏమీ చెప్పమనలేదు కూడా. అప్పటిదాకా నా ద్వారానైనా నాలుగు మాటలు నడిచేవి. ఇప్పుడు అవీ ఆగిపోయాయి. ఇక ఈ ఇంటిని దేవుడు కూడా బాగుచేయలేడనుకుని నేను పెందరాళే పడుకున్నాను.

తెల్లారేసరికి వాన. ఆ చప్పుడుకి మెలకువ వచ్చి, నీళ్ళు తాగుదామని వంటింటివైపు వెళ్ళాను. లోపల లైటు వెలుగుతోంది. మామయ్యగారు ఉన్నారు. అత్తయ్యగారికంటే ముందు ఆయన లేవడం ఆ ఇంట్లో అదే మొదలు. పొయ్యి మీద టీ గిన్నె పెట్టారు. అగ్గిపుల్ల గీశారు. గ్యాసు అంటుకుంది. మంట చిన్నదిగా ఉందనిపించింది కాబోలు, పక్కనున్న న్యూస్‌పేపరు తీసి గొట్టంలా చుట్టి, కిందికి వంగి, బుగ్గలు పూరించి 'ఉఫ్' మని ఊదారు.

మంట ఆరిపోయింది. గ్యాసు బుస్సుమంది. ఆయన ఇంకాస్త వంగి ఇంకాస్త గట్టిగా ఊదారు.

"ఏవండీ!" అని నా వెనకనుంచి కేక. అత్తయ్యగారు నన్ను పక్కకి నెట్టేసి లోపలికి దూసుకెళ్ళారు. "అది గ్యాసు! ఊదకండి! ఇల్లు తగలెడతారా ఏంటి!" గబగబా పొయ్యి కట్టేసి, కిటికీ రెక్కలు బార్లా తీశారు. వాన జల్లు లోపలికి కొట్టింది.

తర్వాత ముగ్గురం అలాగే నిలబడిపోయాం. ఏం జరిగిందో ముగ్గురికీ ఒక్కసారే అర్థమైంది. అత్తయ్యగారు కిటికీ రెక్క పట్టుకుని ఉన్నారు. మామయ్యగారు పేపరు గొట్టం పట్టుకుని ఉన్నారు. ఆవిడ వంక చూసి, తల కాస్త వంచి, మెల్లిగా అడిగారు.

"గ్యాసంటే ఏంటమ్మా?"

అత్తయ్యగారు పెదవులు బిగబట్టారు. ఎంతో సేపు బిగబట్టలేకపోయారు. ఆ వేసవంతా దాచుకున్న నవ్వు బయటికొచ్చేసింది. గట్టు పట్టుకుని నవ్వారు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వారు. ఆయన అలవాటున ఊదారా, కావాలనే ఊదారా అన్నది ఇప్పటికీ నాకు తెలియదు. అడిగితే "తడి గ్యాసమ్మా, రాజుకోలేదు" అంటారు.

నవ్వు ఆగాక అత్తయ్యగారు అలవాటు ప్రకారం నా వైపు తిరిగారు. "అమ్మాయ్, మీ మామయ్యగారితో చెప్పు..."

అని ఆగిపోయారు. నన్ను చూశారు, ఆయన్ని చూశారు.

"వద్దులే. నువ్వెళ్ళి ఇంకాసేపు పడుకో. నేనే చెప్పుకుంటాను."

నా ఉద్యోగం అలా ఊడింది. వెళ్ళి పడుకున్నాను గానీ నిద్రెక్కడిది? వాన చప్పుడులో కూడా వంటింట్లోంచి అత్తయ్యగారి గొంతు చాలాసేపు వినపడుతూనే ఉంది. ముప్పై ఏళ్ళవి ఉన్నాయి మరి చెప్పుకోవాల్సినవి. మధ్యమధ్యలో ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా మామయ్యగారి గొంతు వినపడేది.

"అలాగేనమ్మా."